అప్‌వోట్ల ఆట: పది దొంగ ఓట్లు వెయ్యి నిజమైన ఓట్లను ఎలా లాక్కొస్తాయి?

"అన్నా, ఈ ఫోన్‌కి 4.6 రేటింగ్ ఉంది. తీసుకోవచ్చా?"

నాకు వారానికి ఐదారు మెసేజ్‌లు ఇలాంటివే వస్తాయి. మాది తెనాలి కాబట్టి అడిగేవాళ్లలో చుట్టుపక్కల వాళ్లే ఎక్కువ. బాపట్లలో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు, రేపల్లెలో డిగ్రీ చేస్తున్న తమ్ముళ్లు. ప్రాసెసర్ గురించి అడిగితే చెప్పడం తేలిక. బ్యాటరీ గురించి అయితే టెస్ట్ చేసి చెప్తా. ఆ 4.6 గురించి మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏ వరసలో వేశారు అన్నవి తెలియకపోతే ఆ నంబర్‌కి పెద్దగా అర్థం ఉండదు.

అందుకే ఈసారి రివ్యూ కాదు, ఒక పాఠం. సోషల్ న్యూస్, బుక్‌మార్కింగ్ సైట్లలో ఓట్లను ఎలా గేమ్ చేస్తారు, సైట్లు దాన్ని ఎలా అడ్డుకుంటాయి, ఇందులో మన ఫోన్, మన బ్యాంకు అకౌంట్ ఎలా ఇరుక్కుంటాయి అన్నది చూద్దాం. "గ్యాడ్జెట్ సైట్‌లో ఇదెందుకు?" అంటారేమో. ప్లే స్టోర్‌లో స్టార్లు, షాపింగ్ యాప్‌లో 'హెల్ప్‌ఫుల్' బటన్, మ్యాప్స్‌లో షాపు రేటింగ్ అన్నీ ఆ సైట్ల ఓటు బటన్‌కి చుట్టాలే. దాని మోసాలు అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి.

1. ఓటు బటన్ ఎక్కడి నుంచి వచ్చింది?

2003లో డెలీషియస్ అనే సైట్ మొదలైంది. మనకి నచ్చిన లింకుల్ని అక్కడ దాచుకోవచ్చు. ఎక్కువ మంది దాచుకున్న లింకు 'పాపులర్' పేజీలోకి వెళ్లేది. అంటే అక్కడ బుక్‌మార్కే ఓటు. 2004 డిసెంబర్‌లో కెవిన్ రోజ్ టీమ్ డిగ్‌ని తెచ్చింది. లింకు నచ్చితే 'డిగ్' కొట్టాలి, నచ్చకపోతే 'బరీ' కొట్టాలి, అంటే పాతిపెట్టాలి. 2005 జూన్‌లో రెడిట్ వచ్చింది. పైకి బాణం అప్‌వోట్, కిందికి బాణం డౌన్‌వోట్.

ఆలోచన బాగుంది. పత్రికలో ఏ వార్త మొదటి పేజీలో రావాలో ఎడిటర్ నిర్ణయిస్తాడు. ఇక్కడ పాఠకులే నిర్ణయిస్తారు. కానీ మొదటి పేజీ అంటే మెయిన్ రోడ్డు మీద షాపు లాంటిది. అక్కడ చోటు దొరికితే లక్షల మంది చూస్తారు. సందు చివర ఉంటే ఎంత మంచి సరుకైనా ఎవరూ రారు. ఆ చోటుకి డబ్బు విలువ వచ్చిన రోజునే ఓటుకి కూడా రేటు వచ్చింది.

2. మొదటి పది ఓట్లకి ఎందుకంత విలువ?

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి. రెడిట్ తన కోడ్‌ని 2008లో అందరికీ ఓపెన్ చేసింది. అందులో 'హాట్' లిస్టు లెక్క ఇలా ఉండేది: పోస్టు స్కోరుకి 10 ఆధారంగా లాగరిథమ్ తీస్తారు, దానికి పోస్టు వేసిన సమయాన్ని 45,000 సెకన్లతో భాగించి కలుపుతారు. 45,000 సెకన్లు అంటే పన్నెండున్నర గంటలు.

దీన్ని మామూలు భాషలో చెప్తే ఇలా ఉంటుంది.

- స్కోరు 1 నుంచి 10కి చేరితే ఒక మెట్టు ఎక్కినట్టు. దానికి 9 ఓట్లు చాలు.
- 10 నుంచి 100కి చేరితే ఇంకో మెట్టు. దానికి 90 ఓట్లు కావాలి.
- 100 నుంచి 1,000కి చేరితే మూడో మెట్టు. దానికి 900 ఓట్లు కావాలి.

మూడు మెట్ల ఎత్తూ ఒకటే. ఒక్కో మెట్టు పోస్టుకి పన్నెండున్నర గంటల ఆయుష్షు పోసినట్టు. ఇప్పుడు మోసగాడి వైపు నుంచి ఆలోచించండి. 900 దొంగ ఓట్లు సంపాదించడం కష్టం, ఖర్చు, పైగా దొరికిపోతాడు. 9 ఓట్లైతే నాలుగు పాత ఫోన్లు, కొన్ని మెయిల్ ఐడీలు, ఇద్దరు ఫ్రెండ్స్ ఉంటే చాలు. పోస్టు వేసిన మొదటి కొన్ని నిమిషాల్లోనే ఆట అయిపోతుంది.

సైట్లు లెక్కని ఇలా పెట్టడానికి మంచి కారణమే ఉంది. అలా పెట్టకపోతే నిన్నటి హిట్ పోస్టే నెల రోజులు పైన కూర్చుంటుంది, కొత్తదానికి చోటు దొరకదు. ఆ మంచి ఏర్పాటులోనే సందు కూడా ఉంది.

3. దొంగ ఓటు తర్వాత నిజమైన ఓట్లు ఎందుకు పడతాయి?

"సరే, పది దొంగ ఓట్లు పడ్డాయి. సరుకు బాగోకపోతే జనం కిందికి లాగేస్తారుగా?" అని అడగొచ్చు. సరిగ్గా ఇదే ప్రశ్నకి లెవ్ ముచ్నిక్, సినాన్ అరాల్, షాన్ టేలర్ అనే ముగ్గురు పరిశోధకులు జవాబు వెతికారు. 2013లో 'సైన్స్' పత్రికలో వాళ్ల ఫలితాలు వచ్చాయి.

ఒక సోషల్ న్యూస్ సైట్‌లో ఐదు నెలల పాటు 1,01,281 కామెంట్ల మీద ప్రయోగం చేశారు. కామెంట్ పడగానే కొన్నిటికి లాటరీ పద్ధతిలో ఒక అప్‌వోట్ ఇచ్చారు, కొన్నిటికి ఒక డౌన్‌వోట్ ఇచ్చారు, మిగతావాటిని వదిలేశారు. ఒక్క ఓటే, గుర్తుపెట్టుకోండి. కామెంట్ మంచిదా చెడ్డదా అని చూడలేదు.

ఆ ఒక్క అప్‌వోట్ పడిన కామెంట్‌ని తర్వాత చూసిన మొదటి మనిషి అప్‌వోట్ కొట్టే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ కామెంట్ల రేటింగ్ సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. డౌన్‌వోట్ వేసిన వాటి విషయంలో అలా జరగలేదు. "పాపం, ఇది అంత చెడ్డగా లేదే" అనుకుని జనం అప్‌వోట్లు వేసి సరిచేశారు.

అంటే మనం తిట్టుని అనుమానిస్తాం కానీ పొగడ్తని అనుమానించం. రెండు టిఫిన్ బళ్లు పక్కపక్కన ఉంటే జనం ఉన్న బండి దగ్గరికే వెళ్తాం కదా, అదే బుద్ధి. దొంగ ఓటు చేసే అసలు పని స్కోరు పెంచడం కాదు. మన చేత ఓటు వేయించడం. అందుకే తర్వాత లెక్క తీస్తే వెయ్యి ఓట్లలో 990 నిజమైన మనుషులవే ఉంటాయి. మోసం ఎక్కడ జరిగిందో వెతికినా దొరకదు.

4. ఆట ఆడే నాలుగు పద్ధతులు

*ఒకటి: దొంగ అకౌంట్లు.* రెడిట్‌లో 'యునిడాన్' అనే యూజర్‌నేమ్‌తో ఒక జీవశాస్త్రవేత్త ఉండేవాడు. జంతువుల గురించి ఎవరు ఏం అడిగినా వచ్చి చక్కగా వివరించేవాడు. జనానికి చాలా ఇష్టం. 2014 జూలైలో అతని అకౌంట్‌ని బ్యాన్ చేశారు. ఐదు అదనపు అకౌంట్లతో తన పోస్టులకి తనే అప్‌వోట్లు, తనతో వాదించినవాళ్లకి డౌన్‌వోట్లు వేసుకున్నాడని తేలింది. లక్షల మంది అభిమానులున్న మనిషికి ఐదు ఓట్లతో ఏం పని? పైన రెండో పాఠం చదివారు కాబట్టి మీకే తెలుసు. పోస్టు కొత్తగా ఉన్నప్పుడు ఐదే చాలు.

*రెండు: ఓట్ల ముఠా.* "నాది నువ్వు డిగ్ చెయ్, నీది నేను చేస్తా." డిగ్‌లో ఇది మామూలైపోయింది. టాప్ యూజర్లు ఒకళ్లకొకళ్లు ఫ్రెండ్స్, అందరూ కలిసి ఓట్లు వేస్తారు, కొత్తవాడి లింకు ఎంత బాగున్నా పైకి రాదు. 2006లో డిగ్ తన లెక్క మార్చాల్సి వచ్చింది. ఎన్ని ఓట్లు అన్నదే కాదు, ఎంత వేర్వేరు రకాల వాళ్లు వేశారు అన్నది కూడా చూడటం మొదలుపెట్టింది. 2007లో టాప్ యూజర్ల లిస్టునే తీసేసింది.

*మూడు: కొన్న ఓట్లు.* 2007లో అనలీ న్యూయిట్జ్ అనే జర్నలిస్టు 'వైర్డ్' కోసం ఒక ప్రయోగం చేశారు. కావాలనే బోరింగ్‌గా ఉండే ఒక బ్లాగు పెట్టారు, జనం గుంపుల ఫోటోలు తప్ప అందులో ఏమీ లేవు. తర్వాత డబ్బులిచ్చి డిగ్ ఓట్లు కొన్నారు. ఆ బ్లాగు డిగ్‌లో పాపులర్ అయిపోయింది. కొన్న ఓట్ల వెనకే కొనని ఓట్లు కూడా వచ్చాయి.

*నాలుగు: పాతిపెట్టడం.* మనది పైకి లేపడమే కాదు, ఎదుటివాడిది తొక్కేయడం కూడా గేమే. 2010లో 'డిగ్ పేట్రియాట్స్' అనే గుంపు గురించి ఆల్టర్‌నెట్ అనే సైట్ బయటపెట్టింది. తమ రాజకీయాలకి నచ్చని వార్త కనిపించగానే మెయిల్స్‌లో చెప్పుకుని అందరూ కలిసి బరీ కొట్టేవాళ్లు. 2013లో క్విక్‌మీమ్ అనే సైట్ లింకుల్ని రెడిట్ మొత్తంగా బ్యాన్ చేసింది. పోటీ సైట్ల మీమ్స్‌కి పోస్టు వేయగానే డౌన్‌వోట్లు పడుతున్నాయని యూజర్లే లెక్కలు తీసి పట్టుకున్నారు.

డిగ్‌కి ఏమైంది? 2010 ఆగస్టులో కొత్త వెర్షన్ తెచ్చి, పెద్ద పబ్లిషర్ల లింకులు వాటంతటవే వచ్చి పడేలా చేసింది, బరీ బటన్ తీసేసింది. జనం కోపంతో గుంపులుగా రెడిట్‌కి వెళ్లిపోయారు. ఒకప్పుడు కోట్ల డాలర్ల బేరాలు నడిచిన సైట్ 2012లో దాదాపు 5 లక్షల డాలర్లకే అమ్ముడుపోయిందని వార్తలు వచ్చాయి. 2025లో కెవిన్ రోజ్, రెడిట్ పెట్టినవాళ్లలో ఒకరైన అలెక్సిస్ ఒహానియన్ కలిసి దాన్ని మళ్లీ కొన్నారు. ఓటు మీద నమ్మకం ఒకసారి పోతే సైట్‌కి మిగిలేది ఆ పేరొక్కటే.

5. మన దగ్గర ఈ ఆట ఎలా ఉంటుంది?

మన తెలుగువాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 2020 ఆగస్టులో మహేష్‌బాబు పుట్టినరోజు హ్యాష్‌ట్యాగ్‌కి 24 గంటల్లో 6 కోట్లకి పైగా ట్వీట్లు పడ్డాయని వార్తలు వచ్చాయి. ఆ ఏడాది మిగతా హీరోల ఫ్యాన్స్ కూడా ఇలాంటి రికార్డుల కోసం పోటీ పడ్డారు. ఇది మోసమా అంటే, నేనైతే అలా అనను. ఫలానా టైమ్‌కి మొదలుపెడదాం అని అందరికీ కనపడేలా చెప్పే చేశారు, పండగలా చేశారు. కానీ ఒక విషయం నేర్చుకోవాలి. 6 కోట్ల ట్వీట్లు అంటే 6 కోట్ల మంది కాదు. ఒక్కో ఫ్యాన్ వందల ట్వీట్లు వేస్తాడు. ఓట్ల సంఖ్య, మనుషుల సంఖ్య ఒకటి కాదు. ట్రైలర్‌కి వచ్చిన లైక్స్ చూసినా, యాప్‌కి పడిన స్టార్లు చూసినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఒక మనిషి ఎన్నిసార్లు లెక్కలోకి వచ్చాడు?

కోపంతో పడే ఓట్లు ఇంకో రకం. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ సీఈఓ ఇండియా గురించి చులకనగా మాట్లాడాడన్న వార్త వచ్చింది. జనం స్నాప్‌చాట్ యాప్‌కి ఒక్క స్టార్ ఇవ్వడం మొదలుపెట్టారు. కొంతమంది పేరు సరిగ్గా చూడకుండా మన దేశపు షాపింగ్ యాప్ స్నాప్‌డీల్‌కి ఇచ్చేశారు! 2020 మేలో యూట్యూబ్, టిక్‌టాక్ క్రియేటర్ల గొడవలో టిక్‌టాక్ రేటింగ్ నాలుగు పైనుంచి కొద్ది రోజుల్లోనే రెండు కిందికి పడిపోయింది. తర్వాత గూగుల్ లక్షల కొద్దీ రివ్యూలు తీసేసింది. ఆ వారంలో యాప్ సాఫ్ట్‌వేర్‌లో మారిందేమీ లేదు. మారింది జనం మూడ్.

6. సగటు చూడొద్దు, ఇది చూడండి: మూడు షాపుల లెక్క

మూడు మొబైల్ రిపేర్ షాపులు ఉన్నాయని అనుకుందాం. ఇవి నిజం షాపులు కావు, లెక్క కోసం నేను అనుకున్నవి. 'నచ్చింది', 'నచ్చలేదు' అని రెండే ఓట్లు.

- తెనాలి షాపు: 6 ఓట్లు, 6 మందికీ నచ్చింది. అంటే 100 శాతం.
- బాపట్ల షాపు: 40 ఓట్లు, 36 మందికి నచ్చింది. అంటే 90 శాతం.
- రేపల్లె షాపు: 400 ఓట్లు, 340 మందికి నచ్చింది. అంటే 85 శాతం.

శాతం ప్రకారం పెడితే తెనాలి ఫస్ట్, రేపల్లె లాస్ట్. మా ఊరు కాబట్టి నాకు సంతోషమే కానీ ఇది న్యాయం కాదు. 6 ఓట్లు ఓనర్ బావమరుదులవి కూడా కావచ్చు.

దీనికి 1927లోనే ఎడ్విన్ విల్సన్ అనే ఆయన ఒక ఫార్ములా ఇచ్చారు. "ఇప్పటిదాకా వచ్చిన ఓట్లని బట్టి, అసలు నాణ్యత కనీసం ఎంత ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు?" అన్నది దాని ప్రశ్న. 2009లో రెడిట్ కామెంట్ల 'బెస్ట్' వరసకి ఇదే పద్ధతి తెచ్చింది. మన షాపులకి వేస్తే ఇలా వస్తుంది.

- రేపల్లె: 81 శాతం
- బాపట్ల: 77 శాతం
- తెనాలి: 61 శాతం

వరస మొత్తం తిరగబడింది. ఓట్లు తక్కువ ఉంటే ఫార్ములా "ఇంకా చూద్దాంలే" అని స్కోరు తగ్గించి చూపిస్తుంది.

అందరూ నచ్చిందన్నప్పుడు ఈ లెక్క చాలా తేలిక, ఫోన్ కాలిక్యులేటర్‌లో చేయొచ్చు. ఓట్ల సంఖ్యకి 3.84 కలపండి, ఓట్ల సంఖ్యని దానితో భాగించండి. 6 ఓట్లకి 6 ÷ 9.84 = 0.61. అదే 61 శాతం.

ఇప్పుడు అసలు ట్విస్ట్. తెనాలి షాపాయన ఎన్ని దొంగ ఓట్లు వేయించుకుంటే రేపల్లెని దాటతాడు? 17 ఓట్లు ఉంటే 17 ÷ 20.84 = 0.816. అంటే 81.6 శాతం, రేపల్లె కంటే ఒక పిసరు ఎక్కువ. ఆయనకి ఇప్పటికే 6 ఉన్నాయి. 11 దొంగ ఓట్లు చాలు. రేపల్లె షాపు 400 మంది కస్టమర్లతో సంపాదించుకున్న పేరుని 11 అకౌంట్లు దాటేస్తాయి.

ఎందుకిలా? ఫార్ములా ఓట్లు తక్కువ ఉండటాన్ని అనుమానిస్తుంది కానీ ఓటరుని అనుమానించదు. ఓటు వేసినవాడు నిజాయితీపరుడే అన్న నమ్మకం మీద లెక్క కట్టింది అది. లెక్క ఎంత గొప్పదైనా మనిషి నిజమా కాదా అన్నది విడిగా చూడాల్సిందే.

7. సైట్లు ఏం చేస్తాయి?

- ఓటుని రేషన్ చేయడం. స్లాష్‌డాట్ అనే పాత సైట్‌లో ఓటు హక్కు ఎప్పుడూ ఉండదు. అప్పుడప్పుడు కొంతమందికి కొన్ని పాయింట్లు ఇస్తారు, గడువులోపు వాడాలి. ఆ ఓట్లు సరిగ్గా వేశారా అని ఇంకొంతమంది చూస్తారు.
- లెక్క కొంచెం చెరపడం. రెడిట్‌లో పేజీ రిఫ్రెష్ చేస్తే స్కోరు అటూ ఇటూ ఊగడం చూశారా? అది బగ్ కాదు. తన దొంగ ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో బాట్‌కి తెలియకుండా కావాలనే అలా చేస్తారు.
- ఓట్లు అడుక్కోవడం నిషేధం. హ్యాకర్ న్యూస్ రూల్స్‌లో ఓట్లు అడగొద్దని రాసే ఉంది. ఒకే గుంపు ఎప్పుడూ కలిసి ఓట్లు వేస్తుంటే వాటి విలువ తగ్గిస్తారు.
- చట్టాలు, ప్రమాణాలు. మన దేశంలో 2022 నవంబర్‌లో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం వచ్చింది. రివ్యూ రాసినవాడు నిజం మనిషేనా అని సైట్ ఎలా చెక్ చేయాలో అందులో ఉంది. కానీ అది స్వచ్ఛందంగా పాటించేది. అమెరికాలో ఎఫ్‌టీసీ దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ తెచ్చిన రూల్ 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది.

ఇవన్నీ ఉన్నా పని పూర్తి కాలేదు. దొంగ రివ్యూలు పసిగట్టే ఫేక్‌స్పాట్ టూల్‌ని మొజిల్లా 2025 జూలైలో మూసేసింది. కాబట్టి కొంత జాగ్రత్త మన చేతిలోనే ఉంది.

8. ఇప్పుడు అసలు సంగతి: ఆ దొంగ ఓటరు మీరే కావచ్చు

సైట్లు బాట్లని పట్టుకోవడం నేర్చుకున్నాక ఓట్ల వ్యాపారులకి ఒకటే దారి మిగిలింది: నిజమైన ఫోన్, నిజమైన సిమ్, నిజమైన మనిషి. అంటే చేతిలో ఫోన్, కొంచెం ఖాళీ టైమ్, పాకెట్ మనీ అవసరం ఉన్న కుర్రాళ్లు.

రేపల్లె నుంచి ఒక తమ్ముడు నాకు కొన్ని స్క్రీన్‌షాట్లు పంపాడు. "వీడియోకి లైక్ కొడితే 50 రూపాయలు" అని వాట్సాప్‌లో మెసేజ్. మూడు లైకులు కొట్టాడు, 150 నిజంగానే యూపీఐలో పడ్డాయి. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. మ్యాప్స్‌లో హోటళ్లకి ఐదు స్టార్లు ఇమ్మన్నారు, దానికీ డబ్బులిచ్చారు. మూడో రోజు 'ప్రీపెయిడ్ టాస్క్' అన్నారు: 2,000 కడితే 2,800 వస్తాయట. గ్రూపులో అందరూ "నాకొచ్చాయి, నాకొచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. కట్టే ముందు నన్ను అడిగాడు. మంచి పని చేశాడు.

ఈ గ్రూపుని మన పాఠంతో కలిపి చూడండి. ఆ "నాకొచ్చాయి" మెసేజ్‌లు ఏంటి? దొంగ అప్‌వోట్లే! గ్రూపులో 200 మంది ఉన్నట్టు కనిపిస్తారు, అందులో చాలామంది వాళ్ల మనుషులే కావచ్చు. మొదటి 150 రూపాయలు ఏంటి? మొదటి పది ఓట్లు. మీ నమ్మకాన్ని తక్కువ ఖర్చుతో మొదటి మెట్టు ఎక్కించారు. ఇక తర్వాత మెట్లు మీరే ఎక్కుతారు. 2,000 తర్వాత 10,000 అంటారు, తర్వాత "మీ డబ్బు లాక్ అయింది, విడిపించాలంటే ఇంకా కట్టాలి" అంటారు.

2023 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి టాస్క్ ఉద్యోగాల మోసాలు నడిపే వందకి పైగా వెబ్‌సైట్లని బ్లాక్ చేయించింది. రిటైరైనవాళ్లు, ఆడవాళ్లు, ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్లే ఎక్కువగా టార్గెట్ అని ఆ ప్రకటనలోనే చెప్పారు. వీడియోలకి లైకులు, మ్యాప్స్ రేటింగులే మొదటి మెట్టని కూడా అందులో ఉంది.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. మీకు పడిన ఆ 150 కూడా ఇంకొకళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు కావచ్చు. వాళ్లు కంప్లైంట్ ఇస్తే, ఆ డబ్బు వెళ్లిన దారి పట్టుకుని మీ అకౌంట్‌ని కూడా ఫ్రీజ్ చేయొచ్చు. 150 రూపాయల కోసం నాన్న పంపిన సెమిస్టర్ ఫీజు ఇరుక్కుపోతే ఎవరికి చెప్పుకుంటారు? "నీ అకౌంట్ వారం రోజులు వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం" అంటే అసలే ఒప్పుకోవద్దు.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి కాల్ చేయండి, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. గ్రూపు నుంచి బయటికొచ్చే ముందు చాట్, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్ల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

డబ్బు పోకపోయినా సరే, తినని హోటల్‌కి, వాడని ఫోన్‌కి మీరు ఇచ్చే ఐదు స్టార్లు చూసి ఇంకో ఊళ్లో ఇంకో కుర్రాడు డబ్బు పెడతాడు. మీరు 4.6 చూసి నన్ను అడిగినట్టే వాడూ ఎవరినో అడుగుతుంటాడు.

9. ఫోన్ కొనే ముందు ఐదు నిమిషాల చెక్

1. తేదీలు చూడండి. రివ్యూల్ని 'లేటెస్ట్' వరసలో పెట్టండి. సేల్ మొదలైన రెండు రోజుల్లోనే పొగడ్తలన్నీ పడి, తర్వాత మాటలు మారాయా? పాత రివ్యూల కంటే కొత్తవే నమ్మండి. మొదటి రోజు రాసినవాడికి ఆరు నెలల తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుందో తెలియదు కదా.
2. మధ్య స్టార్లు చదవండి. ఐదు స్టార్లు కొనొచ్చు, ఒక స్టార్ కోపంతో రావచ్చు. రెండు, మూడు, నాలుగు స్టార్లు ఇచ్చేవాడు సాధారణంగా వాడినవాడే. "కెమెరా బాగుంది కానీ సిగ్నల్ పోతోంది" లాంటి మాటలు అక్కడే దొరుకుతాయి.
3. ఏ మోడల్ రివ్యూ అన్నది చూడండి. కొన్నిచోట్ల వేర్వేరు వేరియంట్ల రివ్యూలన్నీ ఒకే పేజీలో కలిసిపోతాయి. మీరు కొనేది 4 జీబీ, పొగిడింది 8 జీబీ అయి ఉండొచ్చు.
4. ఓటు వేసినవాడి ప్రొఫైల్ తెరవండి. ఒకే రోజు తెనాలిలో హోటల్‌కి, వైజాగ్‌లో డెంటిస్టుకి, ఢిల్లీలో జిమ్‌కి ఐదు స్టార్లు ఇచ్చి ఉంటే సంగతి అర్థమైనట్టే.
5. సంఖ్య చూడండి. 6 ఓట్ల 5.0 కంటే 400 ఓట్ల 4.2 మేలు. కానీ ఆ 11 ఓట్ల సంగతి మర్చిపోవద్దు, పై నాలుగూ చూశాకే ఇది.
6. ఒక నిజమైన మనిషిని అడగండి. ఆ ఫోన్‌ని ఆరు నెలలు వాడిన క్లాస్‌మేట్ ఒక్కడు, మీ ఊళ్లో రిపేర్ చేసే షాపాయన ఒక్కడు. "ఈ మోడల్ ఎక్కువగా ఏ కంప్లైంట్‌తో వస్తుంది అన్నా?" అని అడిగితే చాలు.

ఇంటి పని

మీ ఫోన్‌లో మీరు రోజూ వాడే ఒక యాప్ తీసుకోండి. ప్లే స్టోర్‌లో దాని రేటింగ్ చూసి, లేటెస్ట్ రివ్యూలు ఇరవై చదవండి. వాటిలో యాప్‌లో ఉన్న ఒక ఫీచర్ పేరుగానీ, ఒక సమస్యగానీ స్పష్టంగా చెప్పినవి ఎన్నో లెక్కపెట్టండి. "సూపర్", "నైస్ యాప్", "వేస్ట్" లాంటివి పక్కన పెట్టేయండి. మిగిలిన వాటితోనే ఆ యాప్‌కి మీరు ఎన్ని స్టార్లు ఇస్తారో ఒక కాగితం మీద రాసుకుని, పైన కనిపిస్తున్న రేటింగ్ పక్కన పెట్టి చూడండి. రెండింటి మధ్య ఎంత తేడా వస్తే, తర్వాతి ఫోన్ కొనేటప్పుడు ఆ పైన కనిపించే నంబర్‌ని అంత తక్కువ నమ్మండి.